కారు సెల్ఫ్ తీసుకోవడం లేదా? శబ్దాన్ని బట్టి లోపం కనిపెట్టి ఇంట్లోనే సరిచేసుకునే విధానం

తాళం తిప్పినా ఇంజన్ కదలకపోతే అందరి అనుమానమూ ముందుగా సెల్ఫ్ మోటారు (ఇంజన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటారు) మీదికే పోతుంది. చాలాసార్లు అసలు లోపం బ్యాటరీలోనో, టెర్మినళ్లలోనో, బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి కలిపే ఎర్త్ వైరులోనో ఉంటుంది. వాటిని చూడకుండా మోటారు మార్పిస్తే వేల రూపాయలు పోయి, నాలుగు రోజుల తరువాత కారు మళ్లీ అదే చోట నిలబడుతుంది. అందువల్ల స్పానరు పట్టుకునే ముందు తాళం తిప్పినప్పుడు వచ్చే శబ్దాన్ని శ్రద్ధగా వినాలి, ఆ తరువాత మల్టీమీటరుతో వోల్టేజీ కొలవాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే మామూలు డిజిటల్ మీటరు ఈ పనికి సరిపోతుంది. ఇక్కడ చెప్పేదంతా 12 వోల్టుల బ్యాటరీ ఉన్న సాధారణ పెట్రోలు, డీజిల్ కార్లకు వర్తిస్తుంది.

సెల్ఫ్ ఎలా పనిచేస్తుంది

తాళాన్ని స్టార్ట్ స్థానానికి తిప్పగానే స్టార్టర్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) మీదుగా ఒక సన్నని వైరులో సాలినాయిడ్‌కు, అంటే మోటారు మీద ఉండే విద్యుదయస్కాంత స్విచ్‌కు, కరెంటు అందుతుంది. సాలినాయిడ్ లోపలి ప్లంజరు వెనక్కి జరుగుతూ ఒకవైపు లీవరు ద్వారా బెండిక్స్ పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని ముందుకు నెట్టి, ఇంజన్‌కు బిగించిన పెద్ద చక్రమైన ఫ్లైవీల్ పళ్లలో కలుపుతుంది, మరోవైపు రాగి కాంటాక్టులను కలిపి బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌లోని కరెంటును మోటారుకు పంపుతుంది. చిన్న పెట్రోలు కారులో ఈ కరెంటు సుమారు 100 నుంచి 200 ఆంపియర్ల దాకా ఉంటుంది. డీజిల్ ఇంజన్‌కు ఇంకా ఎక్కువ కావాలి. ఇంత కరెంటు పారే దారిలో ఓమ్‌లో నూరో వంతు నిరోధం అడ్డుపడినా, 150 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. పైకి బిగువుగా కనిపించే టెర్మినల్ కూడా సెల్ఫ్‌ను ఎందుకు ఆపగలదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ముందు జాగ్రత్తలు

హ్యాండ్ బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ కారైతే పార్క్‌లో ఉంచాలి. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసు, చేతి గడియారం తీసి పక్కన పెట్టాలి. ప్లస్ టెర్మినల్‌కూ కారు బాడీకీ మధ్య ఉంగరం తగిలితే అది క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. బ్యాటరీ నుంచి మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గరలో బీడీ, సిగరెట్టు, అగ్గిపుల్ల ఏదీ ఉండకూడదు. కేబుళ్లు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర అన్న వరుస తప్పకూడదు.

ఇంకో విషయం మొదటే తేల్చుకోవాలి. ఇంజన్ ఎప్పటి వేగంతోనే తిరుగుతూ అందుకోకపోతే అది సెల్ఫ్ లోపం కాదు. అప్పుడు చూడవలసినవి పెట్రోలు పంపు, స్పార్కు, సెన్సర్లు, ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఎలక్ట్రానిక్ లాక్). అటువంటి కారుకు సెల్ఫ్ కొడుతూనే ఉంటే బాగున్న మోటారు కూడా కాలిపోతుంది.

లక్షణం: టకటకమని వరుసగా శబ్దం, డ్యాష్‌బోర్డు లైట్లు మినుకుమినుకుమంటాయి

ఇది దాదాపు ఎప్పుడూ వోల్టేజీ చాలకపోవడమే. సాలినాయిడ్ లాగుతుంది, మోటారుకు కరెంటు వెళ్లగానే వోల్టేజీ కుప్పకూలి ప్లంజరు వెనక్కి వచ్చేస్తుంది, వోల్టేజీ కోలుకోగానే మళ్లీ లాగుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీ మీద మీటరు పెట్టి చూడాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 దగ్గర సుమారు సగమే ఉన్నట్లు, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లు. తరువాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు మీటరు చూడాలి. ఆ సమయంలో రీడింగు 9.6 వోల్టుల కంటే దిగజారితే బ్యాటరీని పూర్తిగా చార్జి చేయించి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ దిగజారితే దాని ఆయుష్షు తీరిందని అనుకోవచ్చు. మన ఎండలకు మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ ఇలా చేయడం మామూలే. చలి దేశాల్లో బ్యాటరీలు శీతాకాలంలో మొరాయిస్తాయి గానీ, దాని ఆయుష్షును నిజంగా తినేసేది వేడి. మన దగ్గర మే నెలలో దెబ్బతిన్న బ్యాటరీ డిసెంబరు ఉదయాల్లో బయటపడుతుంది.

అత్యవసరంగా బయలుదేరాలంటే జంపర్ కేబుళ్లు వాడుకోవచ్చు. ఎర్ర కేబుల్‌ను ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్లదాన్ని మంచి బ్యాటరీ మైనస్‌కు తగిలించి, దాని రెండో కొసను ఆగిన కారు ఇంజన్ మీద, బ్యాటరీకి దూరంగా, రంగు లేని లోహభాగానికి పెట్టాలి. చివరి కొస దగ్గర వచ్చే నిప్పురవ్వ బ్యాటరీ వాయువుకు దూరంగా ఉండాలన్నదే ఈ వరుస వెనుక ఉద్దేశం. స్టార్ట్-స్టాప్ సదుపాయమున్న (సిగ్నల్ దగ్గర ఇంజన్ తానే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే) కారుకు కొత్త బ్యాటరీ కొనేటప్పుడు కంపెనీ సూచించిన రకమే తీసుకోవాలి. మామూలు బ్యాటరీ ఆ పనికి త్వరగా అలసిపోతుంది.

లక్షణం: ఇంజన్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరుగుతుంది

బ్యాటరీ బాగానే ఉందని తేలిన తరువాత కూడా ఇలా జరుగుతుంటే కేబుళ్లను అనుమానించాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పూసిన పొడి ఉంటే అది కంటికి కనిపిస్తుంది. బ్యాటరీ బుడిపెకూ, దాన్ని పట్టి ఉంచే కేబుల్ క్లాంపుకూ మధ్య నల్లటి పలుచని పొర ఉంటే విప్పితే గానీ కనిపించదు. కేబుల్ కొసన రబ్బరు తొడుగు లోపల రాగి తీగలు పచ్చటి పొడిగా మారి ఉండవచ్చు. ఆ భాగాన్ని చేత్తో వంచితే పెళుసుగా, కరకరమన్నట్లు తగులుతుంది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టిన వెంటనే వేలితో తాకి చూస్తే, చెడిన జాయింటు మాత్రమే వేడిగా ఉంటుంది.

అనుమానాన్ని రుజువు చేసేది వోల్టేజీ డ్రాప్ పరీక్ష, అంటే కరెంటు పారే దారిలో వోల్టేజీ ఎక్కడ పోతోందో కొలవడం. పెట్రోలు కారులో ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేసి, ఒకసారి సెల్ఫ్ కొట్టి పైపులో మిగిలిన ఒత్తిడిని పోగొడితే, ఆపైన ఇంజన్ అందుకోకుండా తిరుగుతుంది. మీటరును 20 వోల్టుల డీసీ మీద ఉంచి, ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్ బుడిపె మీదే, అంటే క్లాంపు మీద కాకుండా సీసపు బుడిపె మీద నొక్కిపెట్టి, నల్ల ప్రోబును సెల్ఫ్ మోటారు మీద లావు కేబుల్ బిగించిన బోల్టుకు తాకించాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ రీడింగు 0.5 వోల్టు లోపే ఉండాలి. తరువాత ఎర్ర ప్రోబును సెల్ఫ్ మోటారు ఒంటి మీద, నల్లదాన్ని బ్యాటరీ మైనస్ బుడిపె మీద పెట్టి కొలిస్తే 0.3 వోల్టు దాటకూడదు. దాటితే ప్రోబులను దగ్గరగా జరుపుతూ, బుడిపెకూ క్లాంపుకూ మధ్య, క్లాంపుకూ కేబుల్ కొసకూ మధ్య, కారు బాడీకీ గేర్‌బాక్సుకూ మధ్య ఇలా ముక్కలుగా కొలవాలి. వోల్టేజీ ఏ ముక్కలో పోతుంటే లోపం అక్కడే. ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకుండా, మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి.

సరిచేయడం కష్టం కాదు. క్లాంపు విప్పి, వేడినీళ్లలో తినే సోడా కలిపి ఆ నీటితో పొడిని కడిగి, ఆరిన తరువాత బుడిపెనూ క్లాంపు లోపలి అంచునూ గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దాలి. సోడా నీరు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోవాలి. బిగించిన తరువాతే పైన పెట్రోలియం జెల్లీ పూయాలి. ముందే పూస్తే మధ్యలో అదొక పొర అవుతుంది. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట రంగు, తుప్పు గీకేయాలి. లోపల పొడిబారిన కేబుల్‌ను అతుకులు వేయకుండా అదే మందంలో కొత్తది వేయాలి. పని అయ్యాక మళ్లీ కొలిచి చూస్తేనే పూర్తయినట్లు.

లక్షణం: ఒక్కసారి ‘టక్’మని ఆగిపోతుంది, లైట్లు బాగా వెలుగుతుంటాయి

బ్యాటరీ, కేబుళ్లు బాగున్నాయని పరీక్షలో తేలిన తరువాత కూడా ఈ శబ్దం వస్తే లోపం మోటారులో ఉన్నట్లే. సాలినాయిడ్ లాగుతోంది గానీ రాగి కాంటాక్టులు మాడిపోయి కరెంటు దాటడం లేదు, లేదా మోటారు లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి కమ్యుటేటర్‌ను (తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి వలయాన్ని) అందుకోవడం లేదు. ఒకరు తాళం స్టార్ట్‌లో పట్టుకుని ఉండగా మరొకరు స్పానరు పిడితో మోటారు మీద తేలికగా తట్టినప్పుడు సెల్ఫ్ తీసుకుంటే బ్రష్‌లే అరిగాయని గట్టిగా అనుకోవచ్చు. గట్టిగా కొట్టకూడదు, చాలా మోటార్లలో లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, అవి పగిలితే మోటారే పోతుంది. తట్టి నడిపించడం షాపుదాకా చేరడానికే తప్ప వారాల తరబడి సాగదీయడానికి కాదు.

స్క్రూడ్రైవరుతో సాలినాయిడ్ బోల్టులను కలిపి స్టార్ట్ చేయడం చాలాచోట్ల చూస్తుంటాం. కారు గేరులో ఉంటే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, మనిషి దాని ముందే ఉంటాడు. ఆ పద్ధతిని దయచేసి వాడవద్దు.

మోటారు విప్పదలిస్తే ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. సెల్ఫ్ మోటారు సాధారణంగా ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట రెండు మూడు బోల్టులతో బిగించి ఉంటుంది. కింది నుంచి తీయవలసి వస్తే ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు; స్టాండ్లు పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేయాలి. లోపల బ్రష్‌లు కొత్తవాటిలో సగానికి అరిగి ఉంటే మార్చాలి. కమ్యుటేటర్ నల్లబడితే సన్నని గరుకు కాగితంతో చుట్టూ సమానంగా శుభ్రం చేయాలి. సాలినాయిడ్ కాంటాక్టులు ఒకవైపు గుంటపడి ఉంటే వాటినీ మార్చాలి. బ్రష్‌లు, బుష్‌లు (ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు), కాంటాక్టులు విడిగా సెల్ఫ్, డైనమో షాపుల్లో దొరుకుతాయి; విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల మోటారును విప్పి బాగుచేసే పనివాళ్లు ఉన్నారు. ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ల భాగం) కాలిన వాసన వస్తుంటే మాత్రం మొత్తం యూనిట్ మార్చడమే మేలు.

ఉదయం బాగా తీసుకుని, దూరం వెళ్లి ఆపిన తరువాత మాత్రమే మొండికేసే సెల్ఫ్ కూడా ఈ కోవలోదే. వేడికి రాగి తీగల నిరోధం పెరుగుతుంది; బుష్‌లు అరిగిన మోటారులో ఆర్మేచర్ పక్కకు ఒరిగి రాసుకుంటుంది. చల్లారాక తీసుకుంటుంది కదా అని వదిలేయకుండా ఆ దశలోనే విప్పిస్తే బుష్‌లు, బ్రష్‌లతో సరిపోతుంది.

లక్షణం: ఏ శబ్దమూ లేదు, లైట్లు మాత్రం బాగున్నాయి

కరెంటు సాలినాయిడ్ దాకా రావడం లేదు. బటన్ స్టార్ట్ కారైతే క్లచ్ పూర్తిగా తొక్కారా, పెడల్ పైనున్న స్విచ్ నొక్కుకుంటోందా చూడాలి. ఆటోమేటిక్ కారును పార్క్‌లో స్పందించకపోతే న్యూట్రల్‌లో ప్రయత్నించాలి. న్యూట్రల్‌లో తీసుకుంటే గేరు స్విచ్ లోపం. తరువాత ఫ్యూజు, ఆపైన రిలే. చాలా కార్లలో హారన్ రిలే, స్టార్టర్ రిలే ఒకే రకంగా ఉంటాయి, నంబరు సరిపోతే మార్చి చూడవచ్చు. చివరగా సాలినాయిడ్ సన్నని వైరు దగ్గర, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీతో దాదాపు సమానమైన వోల్టేజీ వస్తోందా కొలవాలి. వస్తుంటే లోపం సాలినాయిడ్‌లో, రాకపోతే వైరింగులో లేదా తాళం స్విచ్‌లో. సెల్లార్లలో నిలిపే కార్లకు ఎలుకలు ఈ వైరును కొరకడం మామూలు.

లక్షణం: మోటారు ‘జుయ్’మని తిరుగుతుంది, ఇంజన్ కదలదు, లేదా గరగరమంటుంది

మొదటిది పినియన్‌ను మోటారుతో తిప్పే బెండిక్స్ క్లచ్ జారిపోవడం, అది మార్చాలి. రెండోది పినియన్ లేదా ఫ్లైవీల్ పళ్లు అరగడం, లేదా మోటారు బోల్టులు వదులవడం. బోల్టులు బిగించినా గరగర ఆగకపోతే సెల్ఫ్ కొట్టడం మానాలి. ఫ్లైవీల్ పళ్లు విరిగితే గేర్‌బాక్సు దింపవలసి వస్తుంది, అది ఇంటి పని కాదు. తాళం వదిలినా సెల్ఫ్ ఆగకుండా తిరుగుతుంటే సాలినాయిడ్ కాంటాక్టులు గానీ రిలే గానీ అతుక్కుపోయాయని అర్థం. స్విచ్ ఆపినా ఆగకపోతే వెంటనే మైనస్ కేబుల్ తీసేయాలి.

నీళ్లలో మునిగిన కారు

2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలోనూ ఎన్నో కార్లు మునిగాయి. అలా మునిగిన కారు ‘టక్’మని ఆగితే సిలిండర్లలో నీరు చేరి ఉండవచ్చు. నీరు గాలిలా నొక్కితే కుదించుకుపోదు, బలవంతంగా సెల్ఫ్ కొట్టినా, తోసి స్టార్ట్ చేసినా పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. బ్యాటరీ మైనస్ తీసేసి, బండిని ఎత్తించి వర్క్‌షాపుకు పంపాలి. స్పార్కు ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు విప్పి నీరు తీసేదాకా తాళం జోలికి పోకూడదు.

మరమ్మతు తరువాత

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు రావాలి. అంతకు బాగా తగ్గి ఉంటే ఆల్టర్నేటర్ చార్జి చేయడం లేదు. ఎంత మంచి బ్యాటరీ వేసినా మళ్లీ ఖాళీ అవుతుంది. బ్యాటరీ తీసి బిగించిన కార్లలో గడియారాన్నీ, కొన్నింటిలో పవర్ విండో ఆటో పద్ధతినీ తిరిగి సెట్ చేసుకోవాలి. ఆ విధానం కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో ఉంటుంది.