1850 దగ్గర ఆగిన వంశవృక్షం ఎలా కదిలింది: నా అనుభవం

మావారిది అమెరికన్ కుటుంబం. 1850కి ముందు అక్కడి జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు, మిగతావాళ్లు వయసులవారీగా అంకెలు మాత్రమే. అందుకే కనెక్టికట్ రాష్ట్రంలో ఒకే పేరున్న ఇద్దరిలో మావారి పూర్వీకుడు ఎవరో తేలలేదు. చర్చి రిజిస్టర్లు, సమాధి రాళ్లు, ఆన్‌లైన్ వంశవృక్షాలు, అన్నీ చూశాను.

తేల్చింది మాత్రం అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పెన్షన్ ఫైలు. ఇవి అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు ఫైలు నంబరులోని అక్షరం చూశాను: ఎస్ అంటే సైనికుడి పెన్షన్, డబ్ల్యూ అంటే భార్యది, ఆర్ అంటే తిరస్కరించింది. ఇద్దరిలో ఒకరిది డబ్ల్యూ. భర్త పోయిన ఆవిడ పెళ్లికి రుజువు చూపాలి కదా, అందుకే దాన్నే తెరిచి చివరి పేజీదాకా చదివాను. సాక్షుల వాంగ్మూలాల వెనకాల కుటుంబ బైబిల్ నుంచి చించి పంపిన కాగితం! పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వరుసగా, ఒక్కోటి ఒక్కో రంగు సిరాతో. ఒళ్లు పులకరించింది. అందులో ఒక తేదీ మా దగ్గరున్న సమాధి రాయితో సరిపోయింది. ఆ తర్వాత ఆ ఊరి భూమి దస్తావేజులు తీస్తే, న్యూయార్క్‌కు వలసవెళ్లిన కొడుకు తండ్రి పొలంలో తన వాటా అమ్మినట్టు కనిపించింది. దాంతో అనుమానం తీరింది.

అందరికీ ఇలా కుదురుతుందని చెప్పలేను. మీ పూర్వీకుడు ఆ యుద్ధంలో పనిచేసి ఉండాలి, భార్య దరఖాస్తు పెట్టి ఉండాలి. 1800 నవంబరులో యుద్ధ శాఖ కార్యాలయం తగలబడి అంతకుముందు దరఖాస్తులు పోయాయి. డబ్ల్యూ లేకపోతే ఎస్ ఫైలులో 1820 నాటి ఆస్తి వివరాలు చూడండి, ఇంట్లోవాళ్ల పేర్లు, వయసులు చాలాసార్లు అందులోనే ఉంటాయి.