మగ్రిబ్ వేళకు మీటింగు పెట్టకండి

మా సంఘానికి అధ్యక్షురాలినైన కొత్తలో, అందరికీ వీలవుతుందని మీటింగులు సాయంత్రం ఆరింటికి పెట్టేదాన్ని. సరిగ్గా మగ్రిబ్ (పొద్దుగూకగానే చేసే నమాజు) అజాన్ పిలుపు వేళకే లెక్కల మీద వాదన ముదిరేది. నమాజూ హడావిడే, మీటింగూ హడావిడే. ఇంటికెళ్లేసరికి పిల్లాడు హోంవర్కు పుస్తకం మీదే నిద్రపోయి ఉండేవాడు.

ఇప్పుడు నమాజు వేళలను బట్టే రోజును పంచుకుంటున్నాను. మధ్యాహ్నపు జుహర్ నమాజు నుంచి సాయంకాలపు అసర్ దాకా సంఘం పని. మగ్రిబ్ నుంచి రాత్రి నమాజు ఇషా దాకా ఇల్లు, ఫోను ఎత్తను. రుతువును బట్టి మగ్రిబ్ వేళ జరుగుతుంది కాబట్టి మీటింగు టైమునూ అప్పుడప్పుడూ జరపాలి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. వచ్చే ఏడాది సర్వసభ్య సమావేశం ఆరాధనలో గడిపే రంజాన్ చివరి పది రాత్రుల్లో పడకుండా ఇప్పుడే చూసుకోండి.

ఇక ఇంట్లో సాయం అడగడం మానేయండి. పని మొత్తంగా అప్పజెప్పండి. తేడా నాకు ఒక ఫోనుతో తెలిసింది. ఓటింగు మధ్యలో మా ఆయన: "అమ్మకి తెల్ల బిళ్ల తినకముందా, తిన్నాకా?" బిళ్ల వేసేది ఆయనే, గుర్తుపెట్టుకునేది మాత్రం నేను! ఆ రాత్రే చీటీ, మూడు డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, అయిపోకముందే కొనడం, అన్నీ ఆయనవే అయ్యాయి. ఒకసారి డబ్బా అడుగంటడం చూసి కూడా నోరు మెదపలేదు. అదే కష్టమైంది. రాత్రి పదింటికి ఆయనే చూసుకుని మందుల షాపుకి పరిగెత్తారు.

చుట్టాలు "ఇల్లు ఎవరు చూస్తారమ్మా" అంటే ప్రతిసారీ వాదించక్కర్లేదు. హదీసులతోనే (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలతో) వస్తే మాత్రం బుఖారీ హదీసు సంకలనంలోదే ఒకటి చెబుతాను. ప్రవక్త ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారు, నమాజు వేళకు బయల్దేరేవారు అన్నారు ఆయన భార్య ఆయిషా. ఇంకొకటి 628 నాటి హుదైబియా. మక్కావాళ్లతో కుదిరిన ఒప్పందం నచ్చక, ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకోమని ప్రవక్త చెప్పినా సహచరులెవరూ కదల్లేదు. మీరే ముందు చేయండి, ఎవరితోనూ మాట్లాడకండి అన్నది ఆయన భార్య ఉమ్మె సలమా సలహా. ప్రవక్త అలాగే చేశారు, అందరూ కదిలారు.

బేనజీర్ భుట్టో పాకిస్తాన్ ప్రధానిగా ఉండగానే 1990లో బిడ్డను కన్నారని కొందరు నాకు ధైర్యం చెబుతుంటారు. నిజమే, కానీ ఆమె ఇంటి నిండా పనివాళ్లు. మనకు ఆ కొలత కుదరదు.

మనకు కావాల్సింది ఇంకో మనిషి. పదవి తీసుకున్న వారంలోనే ఉపాధ్యక్షురాలికి మినిట్స్ పుస్తకం, బీరువా తాళం, బ్యాంకులో సంతకం హక్కు ఇప్పించండి. మా పాపకు జ్వరమొచ్చిన రోజు మీటింగు ఆవిడే నడిపింది. నేనున్నప్పటి కంటే అరగంట ముందే అయిపోయిందట.