డ్యూటీ అప్పగింత పద్ధతిని మార్చేటప్పుడు నర్సులను కలుపుకొని వెళ్లడం ఎలా?

సంరక్షణ కేంద్రంలో కొత్త పద్ధతి తేవాలనుకునే నిర్వాహకులు సాధారణంగా ముందుగా సర్క్యులర్ తయారుచేస్తారు. అంతకంటే ముందు చేయవలసినది, రాత్రి డ్యూటీ దిగుతున్న నర్సు పక్కన కాసేపు నిలబడి, ఆమె ఏ పని ఎందుకు అలా చేస్తున్నదో చూడడం. ఉదాహరణకు, నర్సుల గదిలో కూర్చుని రిపోర్టు బుక్ చదివి డ్యూటీ అప్పగించే అలవాటును మాన్పించి, ఒక్కొక్క పేషెంటు మంచం దగ్గరే అప్పగించే పద్ధతికి మార్చాలనుకుందాం.

మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1947లో మార్పును మూడు దశలుగా వివరించాడు: పాత అలవాటును సడలించడం, కొత్తదానికి మారడం, దానిని స్థిరపరచడం. మొదటి దశలో పనికివచ్చేది ఉపన్యాసం కాదు, కళ్లారా చూపించడం. పుస్తకంలో ‘పుండ్లు లేవు’ అని రాసి ఉన్న వృద్ధురాలి దుప్పటి తొలగించి చూస్తే, మడమ మీద వేలితో నొక్కినా పోని ఎరుపు కనిపించవచ్చు; అది పడక పుండుకు, అంటే ఒకేచోట ఎక్కువసేపు ఒత్తిడి పడి వచ్చే పుండుకు, తొలి గుర్తు. అప్పగించేవారూ అందుకునేవారూ కలిసి ఆ మడమను ఒక్కసారి చూశాక, కొత్త పద్ధతి ఎందుకో విడిగా చెప్పనక్కర లేదు.

అభ్యంతరాలన్నింటినీ మొండితనంగా కొట్టిపారేయకూడదు. పక్క మంచం వాళ్లకు వినబడేలా జబ్బు వివరాలు ఎలా చెప్పాలని అడిగే నర్సు న్యాయమైన ప్రశ్నే వేస్తున్నది. గోప్యమైన విషయాలు గుమ్మం బయటే చెప్పుకుని, మిగిలినవి మంచం దగ్గర చెప్పుకోవాలన్న నియమం ఆమె చేతనే రాయించడం మంచిది. సమావేశం మధ్యాహ్నం పెడితే రాత్రి డ్యూటీవాళ్లు నిద్ర మానుకుని రావాలి, లేదా నిర్ణయాన్ని ఇతరుల నోట వినాలి. కాబట్టి వారి షిఫ్టు వేళకు తగినట్టు మరొక సమావేశం పెట్టాలి. పేషెంట్లను పక్కకు తిప్పే సహాయకులను కూడా పిలవాలి, ఎందుకంటే ఆ మడమను అందరికంటే ముందు చూసేది వారే.

ఒకే వార్డులో రెండు వారాలు నడిపి, తప్పులు సరిదిద్దాకే మిగతా వార్డులకు విస్తరించాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, పాత రిపోర్టు బుక్‌ను ఏ తేదీన ఆపుతారో ముందే ప్రకటించడం. ఒకే బీపీని చార్టులోనూ, పాత పుస్తకంలోనూ, మంచం దగ్గర అప్పగింతకు వాడే కొత్త ఫారంలోనూ రాయవలసి వస్తే, తెల్లవారుజామున అలసిపోయిన చెయ్యి వదిలేసేది కొత్త ఫారాన్నే.

సిబ్బంది తక్కువైన రోజున పాత పద్ధతికి జారిపోతే మందలించకండి. అలాంటి రోజుల కోసం నాలుగు అంశాల చిన్న రూపాన్ని ముందే సిద్ధం చేయండి: ఎవరైనా పడ్డారా, మందులు మారాయా, చర్మం ఎలా ఉంది, ఏ పరీక్ష ఫలితం ఇంకా రావాలి.