పూల్ గేటు గొళ్లెం దానంతటదే పడటం లేదా?

సిడ్నీలో పూల్ ఉన్న ఇళ్లలో తరచూ ఇదే తలనొప్పి: వదిలిన గేటు గొళ్లెం దాకా వచ్చి ఆగిపోతుంది. బార్లా తెరిచి ఒకసారి, గొళ్లేనికి బెత్తెడు దూరం నుంచి ఇంకోసారి వదిలి చూడండి. ఎక్కువగా తేలిపోయేది రెండోదాంట్లోనే. ముందు గొళ్లెంలో మట్టి దులిపి సిలికాన్ స్ప్రే కొట్టండి (నూనె వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది). అయినా పడకపోతే స్ప్రింగ్ కీళ్ల బిగువును స్క్రూడ్రైవర్‌తో ఒక్కో మెట్టే పెంచుతూ ప్రతిసారీ వదిలి చూడాలి. మరీ బిగిస్తే గేటు ధడేల్‌మని కొట్టుకుని వెనక్కి తుళ్లుతుంది.

స్తంభమే ఒరిగిపోతే ఇదేం పనిచేయదు, దాన్ని నిలబెట్టాల్సిందే. కుర్చీ అడ్డంపెట్టి గేటు తెరిచి ఉంచడం అసలు కుదరదు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు 1992 స్విమ్మింగ్ పూల్స్ చట్టం ప్రకారం రాకపోకలు లేనప్పుడు గేటు మూసి ఉంచే బాధ్యత ఆ ఇంట్లో ఉండేవాళ్లదే, అద్దెకున్నా సరే.