ద్రవ హీలియం ఉపరితలంపై ఎలక్ట్రాన్: శక్తి స్థాయిలను చేతితో లెక్కకట్టే పద్ధతి

బెంగళూరులో భౌతికశాస్త్రం చదువుతూ, భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగే అతిశీతల ప్రయోగాలను చూడాలని ఆశపడే మన తెలుగు విద్యార్థులు, క్రయోస్టాట్ (అతిశీతల ఉష్ణోగ్రతను నిలిపే పాత్ర) దగ్గరకు వెళ్లేముందే, ద్రవ హీలియం ఉపరితలంపై నిలిచే ఎలక్ట్రాన్ శక్తి స్థాయిల లెక్కను కాగితం మీద పూర్తిచేసుకోవాలని నా కోరిక. హైడ్రోజన్ పరమాణువు లెక్క తెలిసినవారికి ఇందులో కొత్త గణితమేమీ ఉండదు.

ముందుగా స్థితిశక్తిని రాసుకోవాలి. ద్రవానికి కొంత ఎత్తున ఎలక్ట్రాన్ ఉంటే, ఉపరితలానికి అంతే లోతున ధనాత్మక ప్రతిబింబావేశం (ద్రవం ఎలక్ట్రాన్‌ను ఆకర్షించడాన్ని లెక్కించే ఊహాత్మక ఆవేశం) ఉన్నట్టు భావించాలి. హీలియం డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి ద్రవం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 1.057 కాబట్టి ఆ ఆవేశం, ఎలక్ట్రాన్ ఆవేశంలో 0.057ను 2.057తో భాగించగా వచ్చే 0.0277 వంతు మాత్రమే. రెండు ఆవేశాల మధ్య దూరం ఎత్తుకు రెట్టింపు కనుక దీన్ని 2తో భాగించి ఊరుకునేవారు చాలామంది ఉంటారు, అది సరిపోదు. ఎలక్ట్రాన్ జరిగినప్పుడల్లా ప్రతిబింబమూ జరుగుతుంది కాబట్టి శక్తి మళ్లీ సగమవుతుంది, అంటే 4తో భాగించి 0.00693 తీసుకోవాలి. హైడ్రోజన్ సమీకరణంలో కేంద్రకావేశం ఉండే చోట ఈ సంఖ్యను ఉంచాలి.

ద్రవంలోకి చొరబడాలంటే ఎలక్ట్రాన్‌కు సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి కావాలి. బంధన శక్తితో పోలిస్తే అది ఎంతో ఎక్కువ కనుక, ఉపరితలం వద్ద తరంగ ప్రమేయాన్ని సున్నాగా తీసుకోవచ్చు.

ఇప్పుడు హైడ్రోజన్ బంధన శక్తి అయిన 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లను 0.00693 వర్గంతో గుణిస్తే, భూస్థితి బంధన శక్తి 0.65 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లని తేలుతుంది. బోర్ వ్యాసార్థాన్ని అదే సంఖ్యతో భాగిస్తే 7.6 నానోమీటర్లు వస్తుంది. ఎలక్ట్రాన్ సగటు ఎత్తు దానికి ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 11 నానోమీటర్లు. మొదటి రెండు స్థాయిల మధ్య తేడా 5.7 కెల్విన్‌లకు సమానం కనుక, 1 కెల్విన్ వద్ద దాదాపు ఎలక్ట్రాన్లన్నీ భూస్థితిలోనే ఉంటాయి.

ఆ తేడాను పౌనఃపున్యంగా మారిస్తే 118 గిగాహెర్ట్జ్ వస్తుంది. 1976లో గ్రైమ్స్ బృందం ప్రచురించిన కొలత 125.9 గిగాహెర్ట్జ్. ఈ వ్యత్యాసాన్ని చూసి లెక్కను కొట్టేయవద్దు: ద్రవంలోకి చొరబడకుండా ఆపే ఆ 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అడ్డుగోడ ఎత్తు అనంతం కాకపోవడం, ద్రవపు అంచు కొన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల మేర క్రమంగా పలచబడటం మనం వదిలేసిన అంశాలు.

చివరగా, ఎలక్ట్రాన్లను కిందికి నొక్కిపట్టే విద్యుత్ క్షేత్రాన్ని చేర్చాలి. రెండో స్థాయి సగటు ఎత్తు మొదటిదానికి నాలుగు రెట్లు కాబట్టి, సెంటీమీటరుకు ప్రతి వోల్ట్‌కూ పౌనఃపున్యం దాదాపు 0.8 గిగాహెర్ట్జ్ పెరుగుతుంది. 1999లో ప్లాట్జ్‌మన్, డైక్‌మన్ ఈ రెండు స్థాయిలనే క్యూబిట్‌గా (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారపు మూల ప్రమాణంగా) వాడవచ్చని ప్రతిపాదించినప్పుడు, హీలియం కింద అమర్చిన సూక్ష్మ ఎలక్ట్రోడ్లతో ఒక్కో ఎలక్ట్రాన్ పౌనఃపున్యాన్నీ విడిగా మార్చడానికి ఆధారపడింది ఈ ప్రభావం మీదే.