మానసిక వైద్యశాలలో చేరిన మనిషికి ఏం కావాలో తెలుసుకోవడం ఎలా

హైదరాబాద్‌ ఎర్రగడ్డలోనో, విశాఖ చినవాల్తేరులోనో మనవాళ్లను చేర్చాక ఇంట్లోవాళ్లు పదేపదే అడిగేది ‘ఎప్పుడు తగ్గుతుంది?’ అనే. మంచం మీదున్న మనిషి అడిగేవి వేరు. నా కళ్లజోడేది? పిల్లలెలా ఉన్నారు? ఈ బిళ్ల దేనికి? ఇక్కడ ఎన్నాళ్లుండాలి? వీటిని జబ్బు మాటలని కొట్టిపారేస్తే అసలు అవసరాలు మన కంటపడవు.

గుడికనో, చుట్టాలింటికనో చెప్పి ఆసుపత్రికి తీసుకురావద్దు. ఆ అబద్ధం వల్ల పోయే నమ్మకాన్ని తర్వాత డాక్టరు కూడా తిరిగి తేలేరు. వెళ్లేముందే ఒక కాగితం రాసుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రల పేర్లు, మోతాదు, పూర్వం ఏ మందు పడలేదు అన్నవి అందులో ఉండాలి. రోజుకెన్ని బీడీలు, సిగరెట్లు తాగేవారో, మద్యం ఆఖరుసారి ఎప్పుడు తాగారో దాచకుండా రాయండి. మద్యం ఉన్నట్టుండి ఆగితే తొలి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పిన మాటలు రావచ్చు. దానికి చేసే వైద్యం వేరు. పొగ సంగతీ చిన్నది కాదు. పొగ తాగేవారి ఒంట్లో ఓలాంజపిన్, క్లోజపిన్ అనే మానసిక జబ్బు మందులు త్వరగా కరిగిపోతాయి. వార్డులో పొగ ఆగితే అదే మోతాదు ఎక్కువై మత్తు పెరుగుతుంది. ఇంటికెళ్లి మళ్లీ పొగ మొదలుపెడితే ఆ మోతాదు చాలదు.

బొందు లేని నూలు బట్టలు, చెప్పులు, కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం, ఆడవాళ్లకు ప్యాడ్లు తీసుకెళ్లండి. ఫోను వార్డులోకి రానివ్వకపోవచ్చు కాబట్టి ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసివ్వండి. గాజు సీసాలు, బ్లేడ్లు, బెల్టులు, బంగారం ఇంట్లోనే ఉంచండి.

మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుని, ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగండి. జబ్బు వల్లా, మందుల వల్లా జవాబు ఆలస్యంగా వస్తుంది. ఈలోగా మీరే అందుకుని చెప్పేయకండి. ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందంటే వాదన వద్దు, అవునని తలూపడమూ వద్దు. ‘నాకు వినిపించడం లేదు గానీ నీకు భయంగా ఉన్నట్టుంది, ఏం చేస్తే కాస్త నెమ్మదిస్తుంది?’ అంటే చాలు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆ క్షణమే సిస్టర్‌కు చెప్పండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

ఎక్కువ పొరపాట్లు ఒంటి బాధల దగ్గరే జరుగుతాయి. కూర్చోలేక, నిలబడలేక, కాళ్లు ఆడిస్తూ వార్డంతా తిరుగుతుంటే ‘రోగం ముదిరింది’ అనుకుంటారు. చాలాసార్లు అది మందు తెచ్చిపెట్టిన అలజడి. జబ్బే అనుకుని మోతాదు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. అందుకే ఏ మందు మొదలుపెట్టాక, ఎన్నో రోజున మొదలైందో డాక్టరుకు చెప్పండి. మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్లు పైకి లాక్కుపోవడం తొలి రోజుల్లోనే కనిపిస్తాయి. వెంటనే చెబితే ఇంజెక్షన్‌తో త్వరగా సర్దుకుంటుంది. విరేచనం అయి ఎన్నాళ్లైందో రోజూ అడగండి. సిగ్గుపడి తమంతట తాము చెప్పరు. క్లోజపిన్ వాడేవారిలో మలబద్ధకం పేగు బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చేదాకా వెళ్లగలదు. మనసు స్థిమితంగా ఉండడానికి ఇచ్చే లిథియం మాత్రలు వాడేవారు నీళ్లు బాగా తాగాలి, తిండిలో ఉప్పు హఠాత్తుగా తగ్గించకూడదు. వాంతులు, విరేచనాలు, తూలడం కనిపిస్తే అదేరోజు చెప్పాలి. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు ఇవ్వొద్దు.

మర్యాద కూడా వైద్యంలో భాగమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బలవంతంగా గుండు గీయకూడదు, యూనిఫాం వేసుకోమని ఒత్తిడి చేయకూడదు, గొలుసులతో కట్టకూడదు. మత్తుమందు ఇవ్వకుండా కరెంటు చికిత్స (ఈసీటీ) చేయకూడదు. తనంతట తాను చేరిన వ్యక్తి వెళ్తానంటే పంపాలి. డాక్టరు పరీక్ష కోసం ఆపినా 24 గంటలు మించకూడదు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద సంతకమో, వేలిముద్రో వేసి మైనరు కాని ఎవరైనా ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి దరఖాస్తుతో చేర్చుకుంటే మొదటి విడత 30 రోజుల వరకే. ఈ సంగతులు రోగికి తెలిసిన మాటల్లో, ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఎన్నాళ్లో తెలియకపోవడమే లోపలున్నవారిని ఎక్కువ కుంగదీస్తుంది.

డిశ్చార్జ్ రోజు హడావిడిలో అడగాల్సినవి మర్చిపోతాం, కాబట్టి రెండు రోజుల ముందే సోషల్ వర్కర్‌తో కూర్చోండి. ఇంట్లో ఏ గదిలో పడుకుంటారు, పగలు ఏం చేస్తారు, మాత్రలు ఎవరి చేతిలో ఉంటాయి అన్నది రోగి ఎదుటే మాట్లాడుకోండి. మాత్రలు అన్నంలో కలిపి పెట్టొద్దు. తర్వాతి ఓపీ తేదీ బిళ్లలు అయిపోవడానికి రెండు మూడు రోజుల ముందే ఉండేలా వేయించుకోండి. నెలవారీ ఇంజెక్షన్ ఉంటే ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర తగ్గితే ఓపీ తేదీ దాకా ఆగకుండా తీసుకెళ్లండి. రాత్రివేళ ఏం చేయాలో పాలుపోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.