దైవానుభవాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఎవరితో ఎలా చెప్పుకోవాలి

గోదావరి డెల్టాలో దైవానుభవం అరుదైన విషయం కాదు. కార్తికంలో తెల్లవారకముందే రేవులో దిగి మునిగినప్పుడు, అంతర్వేదిలో భీష్మ ఏకాదశినాడు రథం కదిలినప్పుడు, చర్చిలో ఉపవాస ప్రార్థన సాగుతున్నప్పుడు, దర్గాలో ఫాతిహా ప్రార్థన చదివించినప్పుడు, ఒక్కసారిగా ఒళ్లు గగుర్పొడిచి కళ్లు చెమర్చినవారు ఊరూరా ఉంటారు. ఆ తరువాత ఏం చేయాలన్నదే చాలామందికి తెలియదు. కొందరు ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే నలుగుతారు. మరికొందరు సాయంత్రానికల్లా ఊరంతా చెప్పి, చెప్పినప్పుడల్లా కొంత కలుపుతూ పోయి, చివరికి అసలు జరిగినదేమిటో తామే మరచిపోతారు.

అందుకే ముందుగా చేయవలసిన పని, ఎవరికైనా చెప్పకముందే, ఆ రోజే దాన్ని ఒక కాగితం మీద రాసుకోవడం. రాసేటప్పుడు జరిగినదాన్ని ఒకచోట, దానికి మీరు చెప్పుకున్న అర్థాన్ని మరొకచోట పెట్టండి. ‘గర్భగుడి ముందు నిలబడగానే నెలల తరబడి ఉన్న భయం పోయింది, ఏడుపు ఆగలేదు’ అన్నది జరిగినది. ‘స్వామి నా మొర ఆలకించాడు’ అన్నది మీ విశ్వాసం చెప్పిన అర్థం. ఇలా విడదీయడం విశ్వాసాన్ని శంకించడం కాదు. జరిగినది మారదు గాని, దాని అర్థం వయసుతోపాటు లోతెక్కుతుంది, ఒక్కోసారి పూర్తిగా మారిపోతుంది కూడా. రెండూ కలిసిపోతే, అర్థం మారిననాడు అనుభవమే అబద్ధమేమోనన్న బెంగ పట్టుకుంటుంది.

అప్పటి పరిస్థితులను కూడా రాసుకోవాలి. ఉపవాసం ఉన్నారా, జాగరణ చేశారా, దీక్షలో ఉన్నారా, ఇంట్లో ఎవరైనా పోయి ఎంతో కాలం కాలేదా? ఆకలి, నిద్రలేమి, దుఃఖం మనసును మెత్తబరుస్తాయని మన పెద్దలకు తెలుసు, వ్రతాలలో వాటికి చోటు పెట్టినదీ వారే. ముందే విన్న మాటలకు కూడా ఇందులో పాత్ర ఉంటుంది. భీమవరం గునుపూడిలోని సోమేశ్వర లింగం పౌర్ణమినాడు తెల్లగా కనిపిస్తుందని విని వెళ్లినవారి కన్ను ఆ తెలుపునే వెదుకుతుంది. కాబట్టి వెళ్లకముందు మీరేమి విన్నారో, ఏమి ఆశించారో నిజాయితీగా రాసుకుంటే, మీకు మాత్రమే కలిగినదేదో తరువాత తేలికగా తెలుస్తుంది.

ఆ తరువాత కొంతకాలం ఆగి, నమ్మకమైన ఒక్కరితో మాట్లాడండి. గురువు చెవిలో చెప్పిన మంత్రాన్ని పైకి చెప్పకూడదన్న నియమం మనకు ఉంది. మంచి కల వస్తే ప్రేమించేవారికే చెప్పాలని, చెడ్డ కలను ఎవరికీ చెప్పవద్దని ఇస్లాం సంప్రదాయం నేర్పుతుంది. వినే మనిషిని ఎంచుకోవాలన్నది ఈ రెండింటిలోనూ ఉన్న జాగ్రత్త. మీ మాట పూర్తికాకముందే దోషమనో, గ్రహమనో, శాంతి చేయించాలనో చెప్పి డబ్బు మాట ఎత్తేవారి దగ్గర ఆగిపోండి. గొంతులు పదే పదే వినిపిస్తూ, రోజుల తరబడి నిద్రపట్టకుండా, తనకు గాని ఇతరులకు గాని హాని చేయమన్నట్టు తోస్తుంటే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. వాడుతున్న మందులను ఏ దర్శనం కోసమూ మానకూడదు.

నలుగురిలో చెప్పేటప్పుడు ‘నాకు ఇలా జరిగింది, నేను ఇలా అర్థం చేసుకున్నాను’ అన్న వరస తప్పకుండా చూసుకోండి. ఎక్కువ జాగ్రత్త అవసరమైనది మొక్కు ఫలించిన కథలకు. బిడ్డకు జబ్బు నయమైతే ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లి వచ్చిన తల్లి తన ఆనందాన్ని చెప్పుకోవడం న్యాయమే. కాని అదే అరుగు మీద, అంతే భక్తితో మొక్కుకుని కూడా బిడ్డను పోగొట్టుకున్న మరో తల్లి కూర్చుని ఉండవచ్చు. ‘నమ్మినవాళ్లను దేవుడు వదలడు’ అన్న ఒక్క మాట, నీ నమ్మకం చాలలేదని ఆమెను నిందించినట్టే అవుతుంది. పుష్కరాల సంగతీ అంతే. 2015 జూలై 14న, పుష్కరాల మొదటిరోజునే, రాజమహేంద్రవరంలో స్నానఘట్టం దగ్గర తొక్కిసలాటలో 25 మందికి పైగా చనిపోయారు. 2027 పుష్కరాలలో మునిగి ప్రశాంతత పొందేవారు దాన్ని తప్పక చెప్పుకోవాలి. అయితే ఆ గోదావరి ఒడ్డునే తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయని గుర్తుంచుకుని, ‘నాకు లభించింది’ అన్నంతవరకే చెప్పి ఆగాలి.

మన ఊళ్లలో ఒకే ఇంట్లో అన్న గుడికి, తమ్ముడు చర్చికి వెళ్లడం కొత్తేమీ కాదు. క్రైస్తవ సంఘాలలో సాక్ష్యం చెప్పడం, అంటే దేవుడు తమ జీవితంలో చేసినదాన్ని అందరి ముందు చెప్పుకోవడం, ఆరాధనలో భాగం. అక్కడ విన్నదాన్ని భోజనాల దగ్గర వాదంగా మార్చవద్దు. తమ్ముడి సాక్ష్యానికి అన్న తన దర్శనాన్ని పోటీగా నిలబెట్టనవసరం లేదు. ‘ఆ తరువాత నీలో ఏం మారింది?’ అని అడిగితే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి చోటు దొరుకుతుంది.

అమ్మవారి జాతరలో పూనకం వచ్చినవారి విషయం వేరు. తామేమి చేశామో, ఏమి పలికామో వారికి తరువాత గుర్తుండకపోవచ్చు. పక్కనున్నవారు తాము చూసినది, విన్నది మాత్రమే వారికి చెప్పాలి, తమ ఊహలు కలపకూడదు. వారి అనుమతి లేకుండా సెల్‌ఫోనులో వీడియో తీయకూడదు, ఇతరులు తీసి పంపితే దాన్ని మరొకరికి పంపకూడదు. వారు తేరుకున్నాక మంచినీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి, తమంతట తాము మాట్లాడేవరకు ఏమీ అడగకండి.